పాత పరుపు కాలవెట్టకండి, పంచాయతీ ట్రాక్టర్‌కు ముందే చెప్పండి

మన నందిపేట్ నుంచే మాట్లాడుతున్న. పోయిన వారం మా ఇల్లు సదిరితే ఫోమ్ పరుపు, ఖరాబైన కూలర్, అద్దం పగిలిన బీరువా, నడవని ఫ్రిజ్ వాకిట్లకొచ్చినయి. మా నాయిన ఒక్కటే మాట, "పరుపు చీకటి పడ్డంక కాలవెట్టురా, అయిపోతది."

అయిపోదు ఫ్రెండ్స్. ఫోమ్ అంటే పాలీయూరిథేన్. అది కాలితే పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటది. పక్కింట్ల చిన్నపిల్లలు పీల్చేది అదే. పోనీ వాగుల పారేద్దామా అంటే, మన దిక్కు నీళ్లు చివరికి పోయేది ఎస్సారెస్పీ బ్యాక్ వాటర్‌కే.

హైదరాబాద్‌ల ఉంటే జీహెచ్ఎంసీ నంబర్ 040-21111111కు ఫోన్ కొడ్తరు. మనకేముంది అంటారా? ట్రాక్టర్ ఉంది. 2019ల పల్లె ప్రగతి మొదలైనంక, అప్పటి 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ వచ్చినయి. కానీ పొద్దున వచ్చేటప్పుడు ట్రాలీ ఇంటింటి చెత్తతో నిండుతది. అప్పుడు బీరువా ఎక్కియ్యమంటే ఎక్కడ పెడ్తరు? అందుకే నేను ముందురోజే పంచాయతీ ఆఫీసుకు పోయి సెక్రటరీ సార్‌కు ఫోన్‌ల ఫొటోలు చూపించిన. తెల్లారి రౌండ్ అయినంక ఖాళీ ట్రాలీ తోలుకొచ్చిండ్రు. మీరు పోయినప్పుడు పైసలు ఏమన్న కట్టాల్నా అని ముందే అడగండి, కడితే రసీదు తీసుకోండి.

అందరికన్న ముందు దిగిన సఫాయి అన్న అడిగింది ఒక్కటే. "తమ్మీ, అద్దం ఏమన్న ఉందా?" అని అరచెయ్యి చూపించిండు. పొడుగు గీత. ఎవరో చెత్త సంచిల గాజుపెంకులు మూటగట్టి ఇచ్చిండ్రట, ఎనిమిది కుట్లు. నాకు నోట మాట రాలే. బీరువా అద్దాన్ని అట్టలతో చుట్టి, మీద "గాజు" అని పెద్దగ రాసి ఇచ్చినం. మీరూ అట్లనే చెయ్యండి, ప్లీజ్.

అన్నీ ట్రాక్టర్‌కే ఇయ్యాల్సిన పని లేదు. కూలర్ డొక్కు, బీరువా రేకు పాత ఇనుప సామాన్లోళ్లు కొంటరు. దూది పరుపైతే ఏకిపిచ్చి మళ్ల కుట్టియ్యొచ్చు. ఫ్రిజ్ మాత్రం ఇంట్ల కొట్టి పైపులు కొయ్యద్దు, లోపలి గ్యాస్ బయటికొస్తది. అది ఈ-వేస్ట్. కొత్తది కొంటే ఎక్స్ఛేంజ్‌ల ఇయ్యండి, మేం అట్లనే ఇస్తున్నం.

ఇంతకీ పరుపు ట్రాలీ ఎక్కిచ్చేటప్పుడు రెండో కొస పట్టింది మా నాయిననే! మీ ఊర్ల ట్రాక్టర్ పెద్ద సామాన్లు తీసుకపోతదా? కామెంట్‌ల ఊరి పేరుతోని రాయండి.