ఒరిగి లేచు గొర్రు: దోషమెచ్చట?

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తొలకరి వాన కురిసిన మరునాడు గ్రామమున ట్రాక్టరునకున్న గిరాకి మరి దేనికిని ఉండదు. నేలలో పదును నిలుచునది కొద్ది దినములే. ఆ దినములలో ట్రాక్టరు ఒక్క పూట పని మానినను ఎవరో ఒక చిన్న రైతు విత్తు వెనుకబడును. ట్రాక్టరు వెనుక తగిలించిన పనిముట్టు పైకెత్తినప్పుడు ఒక ప్రక్క ఎక్కువగను, రెండవ ప్రక్క తక్కువగను లేచు దోషమును గురించి నేడు మీతో ముచ్చటింపదలచితిమి. విషయము చిన్నదే, దానివలన కలుగు నష్టము చిన్నది కాదు.

ఇది పంచాయతీ సభ్యులకు చెప్పనేల యని మీరడుగవచ్చును. తెలంగాణమున 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలే ట్రాక్టర్లను సమకూర్చుకొనినవి. ఇతర చోట్ల రైతు సంఘములును, అద్దె కేంద్రములును ట్రాక్టర్లను నడుపుచున్నవి. బండి ఎవరిదైనను, తగవు పుట్టినప్పుడు జనులు వచ్చునది పెద్దల వద్దకే గదా!

మేము చూచిన ఒక గ్రామమున ఇట్టి తగవే వచ్చినది. దుక్కి గొర్రు ఎడమ పళ్ళు లోతుగ దిగుచుండెను. కుడి పళ్ళు మట్టిని గీచి ఊరకుండెను. పైకెత్తినచో కుడి ప్రక్క జానెడు ఎత్తున నిలుచుచుండెను. దున్నించుకొనిన రైతు అద్దె ఇయ్యననెను. తన తప్పు లేదని డ్రైవరు వాదించెను. "నూనె పంపు చెడినది" అని ఎవరో చెప్పగా లిఫ్టు పైమూత విప్పించిరి. మూడు దినములు గడచినవి, ధనము వ్యయమైనది. తిరిగి బిగించిన పిమ్మట గొర్రు మునుపటివలెనే ఒరిగి లేచెను! తుదకు తెలిసినదేమనగా, అంతకు ముందు రెక్క నాగలితో దున్నినప్పుడు కుడి ప్రక్క రాడును పొట్టిగ చేసి, గొర్రు తగిలించునప్పుడు దానిని మరల సరిచేయుట మరచిరి. పిడిని కొన్ని చుట్లు త్రిప్పగనే గొర్రు సమముగ నిలిచెను. అప్పటికి వరుసలో నున్న మరి ఇద్దరి పొలములలో పదును ఆరిపోయినది.

అసలు ఈ అమరిక ఎట్టిదో తెలిసికొందము. ట్రాక్టరు వెనుక పనిముట్టు మూడు చోట్ల తగులుకొనియుండును: క్రింద రెండు చేతులు, పైన నడుమ ఒక టాపు లింకు. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన ఈ పద్ధతి 1939లో ఫోర్డు 9ఎన్ ట్రాక్టరుతో విస్తారముగ ప్రచారమునకు వచ్చినది. క్రింది చేతులను రెండు లిఫ్టు రాడ్లు పైకి లాగును. ఆ రాడ్లను లాగు పై చేతులు రెండును ఒకే అడ్డ ఇరుసునకు బిగింపబడియున్నవి. నూనె ఒత్తిడి ఆ ఇరుసును త్రిప్పును.

ఇరుసు ఒక్కటే యగుటచే, నూనె తగ్గినను పంపు నీరసించినను రెండు ప్రక్కలును కలిసియే నెమ్మదించును. కావడి మోయువాని బలము తగ్గినచో రెండు కుండలును క్రుంగును. ఒక్క కుండ మాత్రమే క్రిందికి వ్రేలాడినచో చూడవలసినది త్రాళ్ళ పొడవును గాని మోయువాని భుజమును గాదు. గ్రామ ట్రాక్టరు విషయమునను ఇదియే న్యాయము. గొర్రు ఒక ప్రక్కకు ఒరిగినచో ముందు బయటి భాగములను కొలువుడు. లిఫ్టు మూత జోలికి పోవలదు.

కొలుచుటకు ముందు ఒక హెచ్చరిక. ఎత్తియున్న పనిముట్టు క్రింద ఎవరును దూరరాదు, చేయి పెట్టరాదు. మీట తగిలినను, నూనె గొట్టము తెగినను అది ఒక్కసారిగ పడును. ఏ భాగమునైన విప్పుటకు ముందు పనిముట్టును నేలపై దింపి, ఇంజను ఆపి, బ్రేకు వేసి, తాళపు చెవి తీయవలెను. పిల్లలను దూరముగ నుంచవలెను.

ఇక పరీక్షా క్రమము. మొదట ట్రాక్టరును సమతలమైన గచ్చుపై నిలుపుడు. వెనుక టైర్ల గాలి రెంటను సమానముగ నున్నదా? ఒక టైరు మెత్తబడినచో బండియే ఒరిగి, దోషము లేని లిఫ్టుపై నింద పడును.

రెండవది, పనిముట్టు తీసివేసి, ఉత్త చేతులను ఎత్తి, ప్రక్కనే నిలిచి టేపుతో నేలనుండి రెండు కొసల ఎత్తును కొలువుడు. తేడా యున్నచో లిఫ్టు రాడ్ల పొడవులను సరిచూడుడు. పెక్కు ట్రాక్టర్లలో కుడి రాడును పిడి త్రిప్పి పొడిగింపను, కుదింపను వీలున్నది. రాడ్ల పిన్నులు రెండు ప్రక్కలను ఒకే వరుస రంధ్రములలో నున్నవా, ఒకటి గుండ్రని రంధ్రమునందును వేరొకటి పొడవాటి గాడియందును పడినదా యనియు చూడుడు.

మూడవది, చేతులు వంగినవా, కొసల గుండ్లు అరిగి వదులైనవా, ప్రక్క గొలుసులలో ఒకటి మరీ బిగిసి లాగుచున్నదా పరిశీలింపుడు.

నాల్గవది, ఉత్త చేతులు సమముగ లేచి, గొర్రు తగిలించినప్పుడే ఒరిగినచో దోషము గొర్రుదే. దాని అడ్డకడ్డీ గాని, చట్రము గాని వంగియుండును.

ఇవన్నియు సరిగనుండి కూడ తేడా పోనిచో, పై చేయి ఇరుసుపై పన్ను తప్పి కూర్చుండియుండవచ్చును. అది మెకానిక్కు పని. గొర్రు రెండు ప్రక్కలను కలిసి ఆగి ఆగి లేచినను, ఎత్తినది తనంత తాను దిగుచున్నను, అప్పుడు మాత్రము నూనె మట్టమును, వడపోతను చూపించవలెను.

ఒక్క సంగతి మరువరాదు. రెక్క నాగలితో దున్నునప్పుడు కుడి చక్రములు చాలులో నడచును. నాగలి పొలములో సమముగ నుండుటకై కుడి రాడును కుదింతురు. ఆ నాగలి గచ్చుపై ఒరిగి కనబడుట దోషము కాదు. గొర్రు తగిలించునాడు దానిని సరిచేయకపోవుటయే దోషము.

సభ్యులారా! మీరు మెకానిక్కులు కానక్కరలేదు. ఒక టేపును, ఒక పుస్తకమును డ్రైవరు చేతికిచ్చి, తొలకరికి ముందును, పనిముట్టు మార్చినప్పుడెల్లను రెండు ప్రక్కల కొలతలు వ్రాయుమని చెప్పుడు. కారణము ఆ పుస్తకమున వ్రాయనిదే లిఫ్టు విప్పరాదని తీర్మానించుకొనుడు. ఉత్సాహముగల యువకులున్నచో అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ వంటి చోట్ల తర్ఫీదు ఇప్పింపుడు. అట్లు చేసిననాడు ఇట్టి తగవులలో పెక్కు మీ గుమ్మము వరకు రావు; చిన్న రైతు విత్తు పదును దాటదు.