యుద్ధము ముగిసినను ముగియని అత్యవసరము



1962 అక్టోబరు 20వ తేదీన చైనా సేనలు లడఖునందును, ఈశాన్య సరిహద్దునందును మనపై దండెత్తి వచ్చినవి. 26వ తేదీన రాష్ట్రపతి అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. దేశమంతయు ఒక్క కుటుంబమై నిలిచెను. స్త్రీలు మెడలోని బంగారమును తీసి రక్షణనిధి కొసగిరి. కాని ఆ ప్రజలే, సేనను సన్నద్ధము చేయనందులకు సంజాయిషీ నడిగిరి. నెహ్రూగారు కాపాడజూచినను, రక్షణశాఖను నడపిన కృష్ణ మేనోనుగారు నవంబరు 7వ తేదీన మంత్రివర్గమును వీడవలసి వచ్చెను. ప్రజాభిప్రాయమునకు గల బలమట్టిది!

నవంబరు 21వ తేదీన చైనా కాల్పుల విరమణను ప్రకటించెను. యుద్ధము సాగినది నెల దినములు. అత్యవసర పరిస్థితియో, 1968 జనవరి వరకు సాగెను. నడుమ 1965లో పాకిస్థానుతో యుద్ధము వచ్చిన మాట నిజమే. అదియు ముగిసిన పిమ్మట రెండేండ్లకు పైగా, విచారణ లేకయే పౌరుని నిర్బంధింపగల అధికారము ప్రభుత్వము చేతిలోనే యుండెను.

శత్రువు వాకిట నిలిచినపుడు ప్రభుత్వమునకు చేయూత నిచ్చుట ధర్మము. ఆపద గడచిన పిమ్మట, ఇచ్చిన అధికారమును లెక్కజూచి మరల పుచ్చుకొనుటయు ధర్మమే. మొదటిదానిని మనము చక్కగ నెరవేర్చితిమి. రెండవదానిని అయిదేండ్లు మరచితిమి. ఇకముందైన మరువకుందము.