గృహనిర్మాణములో గాజు



నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల పల్లెలలో ఇండ్ల రూపము మారుచున్నది. మట్టి మిద్దెలును, గూనపెంకుల యిండ్లును తగ్గిపోయి సిమెంటు కప్పుల యిండ్లు లేచుచున్నవి. వానితోపాటు గాజు వచ్చినది. ఒకప్పుడు మన యింట గాజన్న ఆడువారి చేతిగాజులు, లాంతరు చిమ్నీ, గోడకు వ్రేలాడు ముఖము చూచుకొను అద్దము, అంతియే. నేడు నిలువెత్తు కిటికీలును, మెట్లప్రక్క అద్దపు గోడలును, ఇంటి ముంగలి భాగమున నీలపు పలకలును పల్లెలలో సైతము కనబడుచున్నవి. పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడు సొమ్ము పంపును. ఇల్లు అతని కోరిక ననుసరించి లేచును. అతడు పండుగలకు వచ్చి పోవును. ఆ యింటిలో వైశాఖ జ్యేష్ఠమాసముల మధ్యాహ్నములు గడుపవలసినవారు తల్లిదండ్రులు. కావున గాజు గుణదోషములు ముందుగా తెలిసికొనవలసినవారు పెద్దలే.

గాజు ఇసుకనుండి పుట్టినది. ఇసుకకు సోడాను, సున్నపురాయిని చేర్చి, సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కరగింతురు. మన భువనగిరి సమీపముననే గాజుసీసాలు పోయు కర్మాగారము కలదు. కిటికీ పలకలు చేయు పద్ధతి వేరు. కరగిన తగరముపై గాజును తేలవిడిచి, సానపట్టు పని లేకయే నునుపైన పలకలు చేయు మార్గమును ఇంగ్లండులోని పిల్కింగ్‌టన్ సంస్థవారు 1959లో లోకమునకు వెల్లడించిరి. పెద్ద పలకలు చౌకయై మన యూరి దుకాణములదాక వచ్చుటకు ఇదియే ముఖ్యకారణము. అంతకు నూరేండ్లకు పూర్వమే, 1851లో, జోసెఫ్ పాక్స్‌టన్ అను నతడు లండను నగరమున ఇనుముతోను, సుమారు మూడులక్షల గాజు పలకలతోను గొప్ప ప్రదర్శనశాలను కట్టించెను. చలిదేశమువారికి ఎండ చుట్టము వంటిది. అయినను వేసవిలో ఆ శాల కప్పుపై గుడ్డ పరుపవలసివచ్చెను. ఎండ మిక్కుటమైన మన మెట్టసీమ మాట వేరుగా చెప్పవలెనా?

గాజు వెలుతురును లోనికి విడుచును. వెలుతురు వెంట ఎండవేడిమియు వచ్చును. సాదా గాజుపై పడిన సూర్యతాపములో అయిదింట నాలుగుపాళ్లకు మించి లోనికి ప్రవేశించును. ఆ తాపముచే నేలయు, గోడలును, మంచమును వేడెక్కి, తమ వేడిని తిరిగి వెలిగ్రక్కును. ఈ రెండవ వేడిమి కంటికి కనబడని రూపము గలది. దానిని గాజు బయటికి పోనీయదు. వచ్చుటకు త్రోవ యిచ్చి, పోవుటకు తలుపు మూయును. అద్దములు బిగించి ఎండలో నిలిపిన మోటారుకారు తలుపు తెరచినవారి కిది అనుభవమే. మందమైన మట్టిగోడ అట్లు కాదు. బయటి ఎండ ఆ గోడను దాటి లోనికి వచ్చుటకు కొన్ని గంటలు పట్టును. అది వచ్చునప్పటికి ప్రొద్దుక్రుంకును. ఇంటివారు వాకిట మంచములు వేసికొందురు.

అట్లని చీకటియిల్లు మేలని నా మాట కాదు. పొగచూరిన వంటయింటిలో, పట్టపగలు దీపము పెట్టుకొని, మన తల్లులు కన్నులు పాడుచేసికొన్నారు. పెంకుటింటి కప్పున ఒక్క గాజుపెంకు పెట్టిన అర్రంతయు వెలుగును. గాజు చేయు మహోపకార మిదియే. ఎంత వెలుగు కావలెను, అది ఏ దిక్కునుండి రావలెను అను వివేకము మాత్రము మనది.

ఈ వివేకము మన పూర్వులకు కొఱత గాదు. నల్లగొండ ప్రక్కనున్న పానగల్లున కందూరు చోడుల కాలమునాటి ఛాయాసోమేశ్వరాలయము కలదు. అందు పగలంతయు శివలింగముపై స్తంభపు నీడ కదలక నిలిచియుండును. సూర్యుడు కదలుచుండగా నీడ కదలకుండుట యెట్లు? ఎండ నేరుగా గర్భగుడిలో పడదు. చెదరిన వెలుతురు స్తంభముల నడుమనుండి పలుదిక్కుల ప్రవేశించి ఆ నీడను నిలుపుచున్నదని పరిశీలించినవారు చెప్పుదురు. ఎండను వాకిట నిలిపి వెలుతురును మాత్రము లోనికి పిలుచు విద్య యది. గాజు లేనినాడే మనవారికి అది తెలియును.

ఇక హైదరాబాదు సంగతి. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. పిమ్మట ఆ చుట్టుపట్ల గాజుతొడుగు భవనములు వరుసగా లేచినవి. రాజధాని కట్టడములకు పాలమూరు కూలీల చెమట ఎంత ధారపోయబడినదో మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. వాని అందము చూచి, పల్లెలో ఇల్లు కట్టునప్పుడు అదేరీతి ముఖభాగము కోరుట సహజము. కాని ఆ భవనములలో శీతలయంత్రములు పగలంతయు నడచును. మన యింటిలో విద్యుత్తు ఆగిన గంటసేపు ఆ గాజుగోడ వెనుక ముసలివారు ఏమగుదురు? 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగుసీమలలో వందలకొలది జనులు మరణించిరి. ఆ దినములను మరచి ఇల్లు కట్టరాదు.

అదే నగరమున మరియొక భవనము కలదు. 2004 జూలై 14వ తేదీన రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రము. నడుమ ముంగిలి, గాలియాడు జాలీగోడలు, ఉత్తరపు వెలుతురును గ్రహించు గాజు, కప్పుపై పచ్చిక. ఇవి దాని లక్షణములు. అమెరికావారి హరితభవన పరీక్షలో అత్యున్నతమైన ప్లాటినము శ్రేణి దానికి లభించినది. అందును గాజు ఉన్నది. అయితే దాని చోటు తెలిసి పెట్టబడినది.

మన యిండ్లకు పనికివచ్చు నాలుగుమాటలు చెప్పెదను. మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 డిగ్రీల దూరమున నున్నది. మే రెండవ వారమున మధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పటి ఎండ కప్పును కాల్చును గాని కిటికీనుండి రాదు. చిన్న సజ్జ చాలును. మూడుగంటలు దాటినపిదప సూర్యుడు పడమట వాలి సజ్జ క్రిందుగా చొచ్చివచ్చును. కనుక పడమటిగోడకు పెద్ద గాజు వలదు. ఇదివరకే పెట్టియున్నచో వెలుపల పందిరియో, తడకయో, వేపచెట్టో, కానుగచెట్టో అడ్డముండవలెను. లోపల తెర కట్టుట, దొంగ యింటిలో దూరినపిమ్మట తలుపు మూయుట వంటిది.

పెద్ద కిటికీ ఉత్తరమున పెట్టుడు. వెలుతురు నిలకడగా వచ్చును. వేసవి ఉదయ సాయంకాలములలో కొంత ఏటవాలు ఎండ తగిలినను ప్రక్కనొక చెట్టు దానిని ఆపును. ప్రతి కిటికీయు తెరచుకొనవలెను. ఎదురుగోడకు మరియొకటి ఉండవలెను. కదలని అద్దము గాలికి గోడతో సమానము. నల్లని గాజు ఎండనంతయు ఆపునని నమ్మకుడు. అది వెలుతురును తగ్గించును, తాను వేడెక్కును, ఆ వేడిలో కొంత లోనికి విడుచును. వేడిని త్రిప్పికొట్టు పూతగల గాజును, రెండుపలకల నడుమ గాలిని బంధించిన గాజును మేలైనవే గాని వెల హెచ్చు. నీడకు వెల లేదు.

ఇక అపాయము. సాదా గాజు పగిలినచో కత్తులవలె చీలును. మెట్లప్రక్కను, తలుపులకును, పిల్లలకు అందునంత ఎత్తునను దానిని పెట్టరాదు. అట్టిచోట్ల టఫెన్డ్ గ్లాసు అడుగుడు. అది పగిలినను మొద్దుతునకలగును. లామినేటెడ్ గ్లాసు పగిలినను నడిమి పొరకు అంటుకొని నిలుచును.

పునాది త్రవ్వకమునుపే, వేసవిలో ఒకనాటి సాయంకాలము నాలుగుగంటలకు, కుమారునితోను మేస్త్రీతోను కలసి ఆ స్థలమున నిలువుడు. ఎండ ఏ దిక్కునుండి ముఖమున కొట్టునో ఆ దిక్కున గోడ రాయించుడు. వీపువైపున కిటికీ గీయించుడు. ఇల్లు కట్టినపిదప చెప్పినమాట ఎవరికిని రుచింపదు. ముగ్గు పోయునప్పుడు పెద్దలు చెప్పినమాటకు నేటికిని విలువ కలదు.

సెలవు.