పనిముట్టు మారిన వేళ

2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేటనుండి శంషాబాదునకు తరలినది. ప్రయాణికులు దారి మార్చుకొనిరి, ప్రయాణము మానలేదు. ఛాయాచిత్రకారుడు పనిముట్టు మార్చుటయు ఇట్టిదే.

ఫోటోషాపు క్రొత్త కూర్పులు 2013నుండి చందా పద్ధతిన లభించుచున్నవి. 1996లో వెలువడిన గింపు ఉచితము. శంషాబాదులోని చిన్న స్టూడియో యజమాని దానివైపు చూచుట సహజమే. అయినను తొందర కూడదు. పొరలుగా దాచిన పాత పెండ్లి చిత్రములను గింపు తెరవగలదు. కాని వానిలోని వ్రాతలు, రంగుల సవరణలు కొన్ని యథాతథముగా రాకపోవచ్చును. కనుక చందా ముగియకమునుపే ప్రతి చిత్రమునకును పొరలన్నియు కలిపిన టిఫ్ నకలు నొకటి తీసి భద్రపరుపవలెను. క్రొత్త పనిముట్టున చేయి నెమ్మదిగా తిరుగును. పోయిన పెండ్లి చిత్రము మరల రాదు.