రోగి పడక ప్రక్కన నర్సు

పుదుచ్చేరి పట్టణంలో పాశ్చాత్య వైద్యవిద్యకు రెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. ఫ్రెంచివారు 1823లో ఇక్కడ ఒక వైద్య పాఠశాలను నెలకొల్పారు. 1954లో ఈ ప్రాంతం భారతదేశంలో కలిసిన తరువాత, 1956లో అది ధన్వంతరి వైద్య కళాశాలగా రూపొందింది. అటు పిమ్మట 1964 జులై 13న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోరిమేడులో జిప్మర్ సంస్థను ప్రారంభించారు. 2008లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తిస్తూ శాసనం చేసింది. ఈ చరిత్రను చెప్పేటప్పుడు వైద్యుల పేర్లు, భవనాల పేర్లు వినబడతాయి. రాత్రి రెండు గంటలకు వార్డులో మేలుకొని తిరిగే మనిషి ప్రస్తావన మాత్రం అరుదు. నర్సుల కొరత ఇంతగా పెరిగినా చాలకాలం ఎవరి దృష్టికీ రాకపోవడానికి ఇదొక కారణం కావచ్చును.

నర్సు చేసే పనిని "సేవ" అనే మాటతో సరిపెట్టడం పరిపాటి. ఆ మాటలో గౌరవమున్నా, వృత్తి నైపుణ్యం మరుగున పడిపోతుంది. శస్త్రచికిత్స చేసేవాడు వైద్యుడు. కాని ఆ తరువాతి గంటలలో నాడి వేగం పెరగడం, రక్తపు పోటు దిగజారడం, మూత్రం తగ్గిపోవడం ముందుగా పసిగట్టవలసినది నర్సే. రక్తం ఎక్కిస్తున్నప్పుడు మొదటి పావుగంట రోగిని కనిపెట్టుకొని ఉండాలి. ప్రసవమైన తొలి రెండు గంటలలో తల్లికి రక్తస్రావం అధికమవుతున్నదేమో పదే పదే చూడాలి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఇవేవీ ఔషధాలు కావు, యంత్రాలు అంతకంటే కావు. ఒక మనిషి కాలం, ఆ మనిషి చూపు. నర్సుల కొరత అంటే రోగికి దక్కవలసిన ఈ చూపు కొరవడడమే.

ఇందుకు శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రులను లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2002లో ఫలితాలను ప్రకటించింది. ఒక నర్సు చూడవలసిన శస్త్రచికిత్స రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, ముప్పది రోజులలోపు మరణించే అవకాశం సుమారు 7 శాతం హెచ్చుతున్నదని తేలింది. 2014లో ఐరోపాలోని తొమ్మిది దేశాల ఆసుపత్రులలోనూ దాదాపు ఇదే ఫలితం కనిపించింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లోనే ఒక నర్సుకు ఇంతకు మించి రోగులను అప్పగించరాదని చట్టం చేసి, 2004 నుండి అమలుపరచింది.

మన దేశంలో లెక్క ఎట్లున్నది? 1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడేనాటికి సగటున 43,000 మంది జనాభాకు ఒక నర్సు ఉన్నట్లు తేలింది. అక్కడి నుండి నడచిన దూరం తక్కువది కాదు. నేడు రిజిస్టరు అయిన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలకు పైబడి ఉన్నారు. అయినా వేయి మందికి ముగ్గురు ఉండాలన్న ప్రమాణానికి ఎదురుగా మనకున్నది సుమారు ఇద్దరే. పైగా రిజిస్టరులో పేరున్న వారందరూ వార్డులో లేరు. కొందరు గల్ఫ్ దేశాలలో, బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో పనిచేస్తున్నారు. మరికొందరు వివాహానంతరం వృత్తిని విడిచారు. తక్కువ జీతానికి రాత్రి డ్యూటీలు చేయలేక వేరే పనులు వెదుక్కొన్నవారూ ఉన్నారు. వారిని తప్పుపట్టడం సులభం, న్యాయం మాత్రం కాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ, అతిచిన్న ప్రైవేటు ఆసుపత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది. అంతటి సామాన్యమైన మొత్తాన్ని సిఫారసు చేయవలసి వచ్చిందంటేనే అంతకుముందున్న స్థితి తెలుస్తున్నది.

పుదుచ్చేరిలో భారం మరింత ఎక్కువ. ఇక్కడి పెద్దాసుపత్రులకు పట్టణ ప్రజలే కాక, ఇరుగుపొరుగున ఉన్న కడలూరు, విల్లుపురం జిల్లాల గ్రామీణులు కూడ వస్తారు. క్రొత్త విభాగాలు, క్రొత్త పడకలు వచ్చినంత వేగంగా నియామకాలు జరగవు. 2022 చివరలో జిప్మర్ ఒక్క ప్రకటనతోనే 400కు పైగా నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు దరఖాస్తులు కోరిందంటే అవసరం ఎంతటిదో ఊహించవచ్చును. నర్సు చాలనిచోట ఆ ఖాళీని పూరించేది రోగి బంధువే. మంచం క్రింద చాప పరచుకొని పడుకొన్న భార్యో, కొడుకో సెలైన్ సీసా అయిపోవచ్చినదని పరుగెత్తుకొని వెళ్ళి చెబుతారు. బంధువు లేని రోగికి ఆ పాటి కావలి కూడ ఉండదు.

ఇందులో భాష ప్రసక్తి కూడ ఉన్నది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ ప్రాంతాలు. మాహేలో మలయాళం, యానాంలో తెలుగు. తమిళంలో "వలి" అంటే నొప్పి. తెలుగులో వలిగాలి అంటే చలిగాలి. అక్షరాలు ఒకటే అయినా అనుభవం వేరు! యానాం నుండి వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన వృద్ధురాలు తన బాధ ఎక్కడున్నదో, ఎటువంటిదో చెప్పుకోవడానికి తీరిక గల ఒక నర్సు కావాలి. కేరళ నర్సు తమిళం నేర్చుకోవడం, తమిళ నర్సు నాలుగు తెలుగు మాటలు పట్టుకోవడం వార్డులలో సహజంగా జరిగే పని. ఏ సభా తీర్మానం లేకుండా సాగే ఈ సమైక్యతకు కావలసినది కాస్త వ్యవధి. ముప్పదిమంది రోగులను ఒక్కతే చూచుకొనే నర్సుకు అనువాదానికి కాదు, పలకరింపునకే వ్యవధి చిక్కదు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అదే సంవత్సరపు కేంద్ర బడ్జెట్‌లో వైద్య కళాశాలల చెంత 157 నర్సింగ్ కళాశాలలు స్థాపిస్తామని ప్రకటించారు. కళాశాలలు పెరగడం మంచిదే. అయితే బయటికి వచ్చిన నర్సును వార్డులో నిలుపుకోవడం వేరొక సమస్య. దానికి ఉద్యోగ భద్రత, రాత్రివేళ రక్షణ, ఆసుపత్రి దగ్గరగా వసతి, పసిబిడ్డల తల్లులకు శిశుసంరక్షణ గది వంటి ఏర్పాట్లు అవసరం. వీటికయ్యే ఖర్చు ఒక స్కానింగ్ యంత్రం ఖర్చులాగ ప్రారంభోత్సవానికి నోచుకోదు.

2024 ఫిబ్రవరిలో యానాంలో జిప్మర్ 90 పడకల వైద్య విభాగం జాతికి అంకితమైంది. తెలుగు రోగికి ఇది ఎంతో ఊరట. విడతకు ఆరుగురు రోగులకు ఒక నర్సు అనుకొన్నా, 90 పడకలు నిండినప్పుడు ఏకకాలంలో 15 మంది, రోజుకు మూడు విడతలకు 45 మంది కావాలి. వారపు విశ్రాంతిని, ప్రసూతి సెలవులను లెక్కిస్తే ఆ సంఖ్య 60కి చేరుతుంది. వారిలో ఎందరు యానాం, కాకినాడ ప్రాంతాల నుండి వస్తారన్నది, ఈనాడు ఆ ప్రాంతపు పాఠశాలలలో జీవశాస్త్రం చదువుతున్న బాలబాలికలలో ఎందరు ఈ వృత్తిని కోరుకొంటారన్నదానిపై ఆధారపడి ఉన్నది.