శస్త్రచికిత్సతో ముగియని బాధ్యత
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పుట్టిన బిడ్డకు పిరుదుల నడుమ గడ్డ కనిపించినచో ఆ యింటివారి ఆందోళన యెంతటిదో మీకు చెప్పనక్కరలేదు. గ్రహణ దోషమని కొందరు, దానంతట అదే కరగునని మరికొందరు పలుకుదురు. రెండును సత్యములు కావు. అండ, శుక్ర కణములుగా మారవలసిన బీజకణముల నుండి పుట్టు కణితులలో ఇది యొకటి. ఇది సుమారు 35,000 నుండి 40,000 కాన్పులకు ఒక శిశువునందు కానవచ్చును, ఆడపిల్లలలో హెచ్చు. పుట్టిన నాటికి ఇట్టి గడ్డలలో పెక్కు క్యాన్సరు కానివే. కాని నెలలు గడచినకొలది క్యాన్సరుగా మారు అవకాశము పెరుగును. కావున పసరు కట్టుచు, వాతలు పెట్టుచు కాలము గడుపరాదు. శస్త్రచికిత్సలో గడ్డతోపాటు వెన్నెముక చివరి యెముకను గూడ తీసివేయుదురు. అది మిగిలినచో గడ్డ మరల వచ్చుటకు అవకాశ మెక్కువ.

దీనితో పని ముగిసినదని తలిదండ్రులు తలంతురు. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. గడ్డ తిరిగి పెరుగుచున్నదా యని తెలిసికొనుటకు రక్తములో ఆల్ఫా ఫీటోప్రొటీన్ అను పదార్థమును కొలుతురు. ఆరోగ్యవంతమైన శిశువు రక్తములో సైతము ఇది పుట్టుకతో మిక్కిలి హెచ్చుగా నుండి, పెద్దల మట్టమునకు దిగుటకు సుమారు 8 నెలల నుండి ఏడాది పట్టును. కావున ఒక్క పరీక్షతో వైద్యుడు నిర్ణయింపజాలడు. చెరువు నీరు తీయుచున్నదో పెరుగుచున్నదో ఒక్కనాటి చూపుతో తెలియదు గదా! వరుస పరీక్షలు జరిగిననే సంగతి తేలును.

క్యాన్సరు తేలినచో మందులు వాడవలసి వచ్చును. వానిలో సిస్‌ప్లాటిన్ అనునది వినికిడిని, మూత్రపిండములను దెబ్బతీయవచ్చును. మాటలు నేర్చు వయసున చెవుడు వచ్చుట చిన్న నష్టము కాదు. అందుచేత పసివారికి మందును, మోతాదును మిక్కిలి జాగ్రత్తగా నిర్ణయించి, చెవులను గూడ పరీక్షింతురు.

బిడ్డ నవ్వుచు ఆడుచుండగా, కూలి మానుకొని పట్టణమునకు పోవుట యెందులకని తండ్రి అనుకొనుట సహజము. మీ సాయము అప్పుడే అవసరము. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, 6 వారముల లోపు శిశువులను ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూచు ఏర్పాటు కలదు. ఆ పని మీ గ్రామమున సక్రమముగా జరుగునట్లు చూడుడు. చికిత్స పొందిన బిడ్డ యున్నచో, వైద్యుడు చెప్పిన తేదీలను తలిదండ్రులకు ముందుగా జ్ఞప్తి చేయుడు. దారిఖర్చు లేనివారికి తోడ్పడుడు. ఈ పరీక్షలు సాధారణముగా మూడేండ్ల వరకు సాగును. అంతవరకు ఆ కుటుంబమునకు అండగా నిలువవలెనని మిమ్ము కోరుచున్నాను.