తిరస్కరణ లేఖ తీర్పు కాదు

 

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. నీళ్లు తీశాక వీధుల్లో మిగిలినవి బురద పట్టిన ఆటోలు, స్కూటర్లు, కొట్లలో నాని ముక్కిన బియ్యం బస్తాలు. ఆ తర్వాత మొదలైంది బీమా క్లెయిముల కోసం తిరుగుడు.

ఇంజను చెడిపోయిందంటే, నీళ్లలో బండి స్టార్ట్ చేశారు కాబట్టి మాకు సంబంధం లేదని బీమా కంపెనీ అనడం మామూలే. నిజంగా స్టార్ట్ చేశారా? పాలసీలోని మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నోసార్లు చెప్పింది. బండి యజమానికి మాత్రం ఎవరూ చెప్పరు.

తిరస్కరణ లేఖ తీసి చూడండి. ఒక నిబంధన సంఖ్య, రెండు వాక్యాల కారణం, కింద సంతకం. చాలామంది దాన్నే తీర్పు అనుకుని బీరువాలో పెట్టేస్తారు. నిజానికి ఆ లేఖ కంపెనీ చేతులనే కట్టేస్తుంది. అందులో రాయని కారణాన్ని వినియోగదారుల కమిషన్ ముందు కొత్తగా ఎత్తుకోవడానికి వీల్లేదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఆ కాగితాన్ని అక్షరం అక్షరం చదవాలి. దొరకని కాగితాలు తెమ్మని వేధించే పద్ధతినీ 2022లో గుర్మేల్ సింగ్ కేసులో కోర్టు గట్టిగా తప్పుపట్టింది. అది దొంగతనానికి గురైన లారీ కేసు.

ఇక డిశ్చార్జి వోచరు. అడిగినదాంట్లో సగం ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటారు. అప్పుల్లో ఉన్న కొట్టు యజమాని పెడతాడు. ఆ సంతకంతోనే దారి మూసుకుపోదని 1999లోనే అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో తీర్పు వచ్చింది. అయితే ఒత్తిడో మోసమో జరిగిందని చూపగలగాలి. కనుక సంతకం పెట్టిన వెంటనే అభ్యంతరం రాసి పంపాలి.

రోడ్డు ప్రమాదాల్లో 2022 ఏప్రిల్ నుంచి పరిహారం పిటిషన్‌కు ఆరు నెలల గడువు పెట్టారు. నడుం విరిగి మంచాన పడ్డ కూలీకి అది అన్యాయమైన గడువని నా అభిప్రాయం. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం ఊరట.

మళ్లీ తిరస్కరణ లేఖల మాటకొస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు మనం ఉండే చోటే వేయవచ్చు. జిల్లా కమిషన్ పరిధిని తేల్చేది నష్టం మొత్తం కాదు, చెల్లించిన ప్రీమియం. అది 5 లక్షలు దాటకపోతే ఫీజే లేదు. గడువు రెండేళ్లు. 50 లక్షల లోపు పరిహారానికి హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. అక్కడ న్యాయవాది అక్కర్లేదు, కానీ తిరస్కరించిన ఏడాదిలోపే రాయాలి.

ఆరోగ్య బీమా పాలసీ సారాంశాన్ని అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలన్న నిబంధన 2024 జనవరి నుంచి ఉంది. అడిగేవారు తక్కువ. న్యాయవాదులు, అధ్యాపకులు, వినియోగదారుల సంఘాల పెద్దలు కలిసి కూర్చున్న ఈ సదస్సు నుంచి నేను కోరేది ఒక్కటే. వాడుక తెలుగులో ఒక నమూనా ఫిర్యాదు, ఒక నమూనా అభ్యంతర లేఖ మనం తయారు చేద్దాం. గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు గ్రంథాలయాల్లో ఆదివారాలు కూర్చుని, లేఖలు పట్టుకొచ్చిన వారికి చదివి చెబుదాం. ముందుకొచ్చేవారు ఈ సాయంత్రమే పేర్లు ఇవ్వండి.